రాబోయే శుక్రవారం మినిట్స్

నాలుగో నంబరు రేకు గాదె నిచ్చెన మీద రోసెండో పైదాకా ఎక్కి, మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూసి, మళ్ళీ మూత వేసి మెట్టు మెట్టుగా కిందికి దిగి వచ్చేశాడు. శాంపిల్ గది కిటికీలోంచి వెర్నా అదంతా చూసింది. ఆమె చేతిలో చిన్న పట్టకారు ఉంది, ముందున్న తెల్ల పళ్ళెంలో మసూరు పప్పు గింజలున్నాయి, విరిగినవి ఒక పక్కకి, మచ్చ పడ్డవి ఇంకో పక్కకి ఏరుతోంది, ముప్పై నాలుగు దాకా వచ్చింది, లెక్క అక్కడే ఆగిపోయింది.

కింద ప్లాంటు మేనేజరు లైల్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అద్దం మూసి ఉంది కాబట్టి మాటలు వినబడలేదు, చేతులు మాత్రం కనబడ్డాయి. రోసెండో ఒక అరచేతిని బోర్లా పెట్టి, రెండో చేతిని దాని కిందికి తెచ్చి గుండ్రంగా తిప్పి, పైన పెట్టిన చేతిని ఒక్కసారిగా కిందికి జార్చాడు. మళ్ళీ అదే చూపించాడు. లైల్ ఆ చేతులకేసి చూడలేదు, పట్టాల మీద వరసగా ఆగి ఉన్న ఆరు ఖాళీ వ్యాగన్లకేసి చూశాడు, ఆ తర్వాత చెయ్యి చాపి గేటు చూపించాడు. రోసెండో హెల్మెట్ తీసి, లోపలి చెమటని చొక్కా చేతితో తుడిచి, దాన్ని నిచ్చెన మొదటి మెట్టు మీద జాగ్రత్తగా పెట్టి, గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

రెండు నిమిషాల్లో లైల్ శాంపిల్ గదిలోకి వచ్చాడు. సెప్టెంబరు ఆఖరు, పది రోజులుగా లారీల వెనక లారీలు, అతని కళ్ళు కూడా మసూరు రంగులోనే ఉన్నాయి.

"తేతా, ఆ శాంపిల్ ఎంతకొచ్చింది?"

తేతా అంటే వాళ్ళ తాతల నాటి ఉక్రెయిన్ మాటలో పిన్ని. లైల్‌కి రెండేళ్ళప్పటి నుంచీ వెర్నా తేతానే, వాళ్ళమ్మ బడిలో పని చేస్తున్నన్నాళ్ళూ వీడికి ముక్కు తుడిచింది ఆమే.

"రోసెండోని ఎక్కడికి పంపావురా?"

"ఇంటికి. పని చెయ్యబుద్ధి పుట్టినప్పుడు రమ్మన్నా."

"ఏం పని?"

"తడి మసూరు కదా, గాదెలో పైన పెంకు కట్టేసింది. కింద బెల్టు ఉత్తినే తిరుగుతోంది, ఒక్క గింజ రావట్లేదు. లోపలికి దిగి కడ్డీతో నాలుగు పోట్లు పొడవమన్నా, అంతే. అయ్యగారు దిగరట. నడుముకి తాడు కావాలట, బెల్టు ఆపాలట, పైన కాపలాకి ఒక మనిషి ఉండాలట. పెళ్ళి సామాన్ల జాబితా చదివినట్టు చదివాడు."

"మరి అతని కాగితం?"

లైల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ కాగితం సంగతి ప్లాంటులో అందరికీ తెలుసు. రోసెండో ఈ దేశంలో ఉండిపోవాలంటే, సముద్రాల అవతల ఇలోయిలోలో ఉన్న పెళ్ళాం, ఏడేళ్ళ కూతురు ఇక్కడికి రావాలంటే, వచ్చే నెల్లోగా ఆ కాగితం మీద ప్లాంటు తరఫున సంతకం పడాలి. పెట్టాల్సింది లైల్.

"పని చెయ్యనివాడు నాకు అవసరమని ఎలా సంతకం పెట్టను, నువ్వే చెప్పు తేతా."

వెర్నాకి చెప్పాలనే అనిపించింది. ఏం చెప్పాలో కూడా లీలగా తెలుసు, ఎందుకంటే పదకొండేళ్ళుగా ఈ ప్లాంటు భద్రతా కమిటీలో పనివాళ్ళ తరఫు పెద్ద ఆమే, యాజమాన్యం తరఫు పెద్ద లైల్. కానీ నోటి దాకా వచ్చింది వేరే.

"టీ తాగావా?"

"ఎక్కడ తాగను," అంటూ అతను వెళ్ళిపోయాడు. వెర్నా మళ్ళీ ఒకటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.

*

బుధవారం మధ్యాహ్నం రోసెండో తన అన్నం డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చాడు. ముందు రోజు కంగారులో మర్చిపోయాడు, అందులో చేప కూర ఉంది, వారం అలాగే ఉంటే ఫ్రిజ్ వాసన పడుతుందని భయపడ్డాడు. భోజనాల గదిలో వెర్నా ఒక్కతే ఉంది. అతను డబ్బా చంకలో పెట్టుకుని కూడా వెళ్ళకుండా నోటీసు బోర్డు ముందు నిలబడ్డాడు.

"తీతా, ఒకటి అడగొచ్చా?"

అతను మొదటి రోజు నుంచీ ఆమెని తీతా అనేవాడు. వాళ్ళ ఊళ్ళో కూడా పిన్నిని అలాగే పిలుస్తారట. అది విన్న రోజు లైల్ పడీ పడీ నవ్వాడు, మన మాట నీకెవడు నేర్పాడ్రా అని.

"అడుగు నాయనా."

"ఇది శుక్రవారం తారీఖు కదా?" అతను బోర్డు మీది కాగితాన్ని ముట్టుకోకుండా వేలితో చూపించాడు. "శుక్రవారం ఇంకా రాలేదు."

వెర్నా చేతిలోని సాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. అది కమిటీ మీటింగు మినిట్స్, మీటింగులో ఏం జరిగిందో రాసిపెట్టే కాగితం. మూడు నెలలకొకసారి జరగాల్సిన మీటింగు. పైన సెప్టెంబరు ఆఖరి శుక్రవారం తారీఖు, కింద ఆమె గుండ్రటి దస్తూరీలో ఒక్క వాక్యం, 'పనివాళ్ళ నుంచి కొత్త ఇబ్బందులేమీ రాలేదు', దాని కింద ఆమె సంతకం.

ఏటా జనవరిలో మొదటి ఆదివారం వెర్నా కెటిల్ పక్కన పెట్టుకుని, ఆ ఏడాది మొత్తానికి చుట్టాల పుట్టినరోజు కార్డులన్నీ ఒకే విడతలో రాసేస్తుంది. ఆ చేత్తోనే నాలుగు మీటింగుల మినిట్స్ కూడా రాసి సంతకం పెట్టి సొరుగులో పెట్టుకుంటుంది. అది పద్ధతిగల మనిషి చేసే పని అనుకునేది. మీటింగంటే ఎలాగూ తను చేసి తెచ్చిన గసగసాల రొట్టె, లైల్ కాఫీ, ఇరవై నిమిషాల పిచ్చాపాటీ. సెప్టెంబరు కాగితాన్ని మొన్న సోమవారమే అంటించేసింది, ఒక పని అయిపోతుందని.

"నువ్వెందుకు చూశావు దీన్ని?" అని అడిగింది.

"నాకు ఫోన్లో ఒక వీడియో ఉంది తీతా, గవర్నమెంటుది, మా భాషలో. పనిలో ప్రాణభయం ఉంటే చెయ్యనని చెప్పొచ్చట. ముందు పై మనిషికి చెప్పాలి, ఆయన వినకపోతే కమిటీకి చెప్పాలి అంది అందులో ఆవిడ. నిన్న సాయంత్రం కమిటీకి చెబుదామనే వెనక్కి వచ్చా. కమిటీ అంటే ఎవరో తెలీదు, బోర్డు మీద ఉంటుందేమోనని చూశా. చూస్తే మీరే. భలే సంతోషం వేసింది. తర్వాత కిందది చదివా." అతను డబ్బాని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "సరేలే, ఇక్కడ ముందే తేల్చేస్తారేమో అనుకుని వెళ్ళిపోయా."

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అనొచ్చు.

"నీకు గాదెలంటే భయమా?" అని మాత్రం అడిగింది.

"గాదెంటే కాదు తీతా. మా రేవులో బియ్యం ఓడల్లో ఆరేళ్ళు చేశా. పైన పెంకు గట్టిగానే కనబడుతుంది, కింద డొల్ల. అడుగు వేస్తే పోయినట్టే. కింద బెల్టు తిరుగుతూ ఉంటే ఇక చెయ్యి ఎత్తే టైము కూడా ఉండదు. మా మేస్త్రీని అలాగే..." చెప్పబోయి మానేశాడు. "చేప కూర కొంచెం పెట్టనా మీకు? చింతపండు వేశా."

అతను వెళ్ళాక వెర్నా బోర్డు దగ్గరికి వెళ్ళింది. మినిట్స్ పక్కనే గవర్నమెంటు వాళ్ళ పసుపు పోస్టరు ఉంది, ఎప్పటి నుంచో ఉంది. అడుగున ఉండాల్సిన ఫోన్ నంబరు మాత్రం కనబడలేదు, దాని మీద చర్చిలో పెరోగీల, అంటే బంగాళాదుంప కజ్జికాయల, అమ్మకం అని ఒక గులాబీ కాగితం పిన్ను చేసి ఉంది. ఆ పిన్ను గుచ్చింది కూడా తనే. తీసి, నంబరు అరచేతిలో రాసుకుంది.

*

గురువారం లంచ్ టైములో తన పికప్‌లో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని, అరచెయ్యి చూసుకుంటూ నంబరు నొక్కింది. సాయంత్రం లైల్ వాళ్ళమ్మ పక్కనే కూర్చుని చర్చి కోసం పెరోగీలు చుట్టాలి, అప్పుడు ఆమె ముఖం ఎలా చూడాలో తెలీలేదు. ఎవరో రికార్డు గొంతు వస్తుందనుకుంది, సంగీతం పెట్టి కూర్చోబెడతారనుకుంది, రెండో రింగుకే ఒకావిడ ఎత్తింది. పేరు మార్జరీ ఒకిమా అంది, ఇన్‌స్పెక్టరునంది, ఏదో నములుతున్నట్టుంది, క్షమించమంది.

"మా వాడొకడు... మా దగ్గర పనిచేసే అబ్బాయి... గాదెలోకి దిగనన్నాడండీ," అని మొదలుపెట్టింది వెర్నా, తర్వాత ఆగకుండా మొత్తం చెప్పేసింది, చేప కూరతో సహా.

"మంచిది. పై మనిషికి చెప్పాడు, సరే. మరి కమిటీ ఏం చేసింది?"

"కమిటీ..." వెర్నా స్టీరింగు పట్టుకుంది. "కమిటీ రేపు ఇబ్బందులేమీ లేవని రాసిందండీ."

అటు పక్క నమలడం ఆగింది.

"రేపా?"

"జనవరిలో రాశాను. కమిటీ నేనే."

తిడుతుందనుకుంది. ఆవిడ మెల్లగా గొంతు సవరించుకుంది. "వెర్నా గారూ, ఒక్క మాట వినండి. చెయ్యనన్నవాడి మాట కాదని ఆ పని చేయించాలంటే కమిటీ మొత్తం ఒక్క మాట మీద ఉండాలి. మీలో ఒక్కరు అతని పక్షాన ఉన్నా పని ఆగాల్సిందే, మేము వచ్చి చూడాల్సిందే. అప్పటిదాకా అతని డ్యూటీ తీసెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు. ఇప్పుడు చెప్పండి, మీరు ఎవరి పక్షాన?"

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"అతని పక్షానే," అంది వెర్నా.

"అయితే రేపు పొద్దున పదింటికి వస్తా. పాత మినిట్స్ అన్నీ బయట పెట్టి ఉంచండి. ఈలోగా మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే, ఎవర్నీ ఆ గాదెలోకి దిగనివ్వద్దు. ఎవర్నీ అంటే ఎవర్నీ."

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి, నాలుగో నంబరు నిచ్చెన మీద లైల్ ఉన్నాడు. భుజాన కడ్డీ వేసుకుని, సగం దాకా ఎక్కేశాడు. మిగిలిన పనివాళ్ళు భోజనాల గదిలో ఉన్నారు, కింద బెల్టు తిరుగుతూనే ఉంది, ఆ ఉత్త గరగర పికప్‌లోకి కూడా వినబడుతోంది.

వెర్నాకి యాభై తొమ్మిదేళ్ళు, ఎడమ మోకాలు ఏ మాటా వినదు, అరిచినా ఆ గాలికి పైకి చేరదు. అయినా దిగి నడిచింది, నిచ్చెన వైపు కాదు, గోడకున్న స్విచ్చి పెట్టె వైపు. పిడి కిందికి లాగింది. గరగర ఆగిపోయింది. పిడికి తాళం వేసే కన్నం ఒకటి ఉంటుంది, కొన్నాక ఎవరూ వాడని కన్నం. కోటు జేబులో తన లాకరు తాళం ఉంది, చిన్నది, ఆకుపచ్చ రంగుది. వేసి నొక్కింది, తాళం చెవి తీసి చొక్కా లోపల రొమ్ము దగ్గర దోపుకుంది.

చప్పుడు ఆగేసరికి లైల్ పై నుంచి కిందికి చూశాడు, చూసి చకచకా దిగొచ్చాడు.

"తేతా, ఏంటిది?"

"తాళం."

"కనబడుతోంది. చెవి ఇలా ఇవ్వు."

"రేపు మీటింగులో ఇస్తా."

"రేపు మధ్యాహ్నానికి వ్యాగన్లు నిండాలి తేతా. వాడు దిగడు, సరే, నేనే దిగుతా. ఇంకొకడిని చంపట్లేదు కదా నేను. నా ప్రాణం నా ఇష్టం."

"నీ ప్రాణం నీ ఇష్టమా? నీకు గజ్జి వచ్చినప్పుడు గంధకం రాసింది ఎవర్రా?"

పక్కనే బస్తాల మీద కూర్చున్న లారీ డ్రైవరు ఒకతను నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు. లైల్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాను," అంది వెర్నా, నెమ్మదిగా. "నీ వెనకాల చేశానని ఇంకెవరో చెప్పేకంటే నేనే చెబుతున్నా. రేపు పదింటికి వస్తుంది."

అతను కడ్డీని గోడకి ఆనించాడు, అది జారింది, మళ్ళీ ఆనించాడు.

"నువ్వా తేతా?"

"నేనే. ఏడాదికి సరిపడా అన్నీ ముందే రాసేశాను లైల్. నువ్వు అందులో పడితే ఏం రాయాలో మాత్రం రాసి పెట్టుకోలేదు. నా చేత అది రాయించకు."

అతను తల దించుకుని అరచేతుల్లోని తుప్పు దులుపుకున్నాడు. "అబ్బ, ఆకలేస్తోంది," అన్నాడు చివరికి. ఆమె తన సాండ్‌విచ్‌లో మిగిలిన సగం అతని చేతిలో పెట్టింది.

*

శుక్రవారం మార్జరీ ఒకిమా చెప్పిన టైముకి పావుగంట ముందే వచ్చింది. పొట్టి మనిషి, రెండు పొడవాటి జడలు, బురద బూట్లు, చేతిలో గాలి పరీక్ష చేసే చిన్న యంత్రం. గసగసాల రొట్టె కోసి పెడితే ముందు చేతులు కడుక్కొచ్చింది. రోసెండో కబురందుకుని వచ్చి, ఇస్త్రీ చొక్కాతో, తలుపు దగ్గర కుర్చీ చివర కూర్చున్నాడు.

ఆవిడ రాకముందు, తొమ్మిదిన్నరకి, లైల్ భోజనాల గది తలుపు వేసి బోర్డు మీది కాగితం పిన్నులు ఊడబీకబోయాడు.

"తేతా, ఇది చింపేద్దాం. కొత్తది రాసుకో. ఆవిడకి ఏం తెలుస్తుంది? నీ పరువు పోవడం నాకిష్టం లేదు."

ప్రేమగానే అన్నాడు. వెర్నాకి ఆ ప్రేమ తెలుసు, రాత్రంతా ఆమెకీ అదే ఆలోచన వచ్చింది.

"ఉండనీరా. ఆ అబ్బాయి చదివి వెళ్ళిపోయింది దీన్నే. నేను చింపేస్తే, అతను చదవలేదని చెప్పినట్టవుతుంది."

అందుకే మార్జరీ ఒకిమా ముందు టేబులు మీద పదకొండేళ్ళ మినిట్స్ ఉన్నాయి, నలభై మూడు కాగితాలు, బోర్డు మీదిది కాక. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పింది. అదే వాక్యం, అదే వాక్యం. వెర్నా తన చేతుల్ని టేబులు కింద పెట్టుకుంది.

"మీ దస్తూరీ బాగుంది," అంది ఆవిడ చివరికి. నవ్వలేదు. "దీని గురించి ఒక ఆర్డరు రాస్తాను, మీ పేరూ ఆయన పేరూ రెండూ ఉంటాయి. దాన్నీ బోర్డుకి అంటించాలి. సరేనా?"

"అంటిస్తానండీ."

"ఇప్పుడు మీటింగు పెట్టుకోండి. నిజంది. నేను రొట్టె తింటూ వింటాను."

మీటింగు ఎలా జరుగుతుందో ఎవరికీ తెలీదు. రోసెండో లేచి నిలబడి, మంగళవారం చూపించినట్టే అరచెయ్యి బోర్లా పెట్టి, కింద డొల్ల చూపించి, జార్చాడు. ఈసారి లైల్ చూశాడు. ఓడలో మేస్త్రీ సంగతి రోసెండో నాలుగు ముక్కల్లో చెప్పాడు, పేరు చెప్పాడు, ఆ రోజు తాడు పైన చుట్ట చుట్టి ఉండిపోయిందని చెప్పాడు, కూర్చున్నాడు.

లైల్ చాలాసేపు రొట్టె ముక్కలోంచి గసగసాలు గిల్లుతూ ఉండిపోయాడు. తర్వాత లేచి, బీరువాలోంచి సేఫ్టీ బెల్టు, తాడు తీసుకొచ్చి టేబులు మీద పెట్టాడు. ఇంకా కంపెనీ ప్లాస్టిక్ సంచీలోనే ఉన్నాయి.

"నాలుగేళ్ళయింది కొని," అన్నాడు. "నాకు కట్టుకోవడం రాదు. మంగళవారం వీడు తాడు అడిగినప్పుడు, వీడి ముందు ఆ మాట చెప్పలేకపోయా."

ఎవరూ నవ్వలేదు. మార్జరీ సంచీ చింపి, తయారైన తారీఖు చూసి, కుట్లన్నీ గుంజి చూసి, పనికొస్తుందని తలూపింది.

"నాకు వచ్చు," అన్నాడు రోసెండో.

అలా మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా, నాలుగో నంబరు కింద, రోసెండో తన పై మనిషికి సేఫ్టీ బెల్టు కట్టాడు. ముందు పై నుంచి పొడవాటి కడ్డీలు వేసి చూశారు, పెంకు బెసకలేదు, అప్పుడు లైలే అన్నాడు, నేను దిగుతా, వీడు పైన తాడు పట్టుకుంటే దిగుతా అని. రోసెండో భుజాల పట్టీలు సరిచేశాడు, తొడల దగ్గర బిగించాడు, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూశాడు, బడికి పంపే పిల్లకి తల్లి చేసినట్టు వెనక్కి తిప్పి వీపు మీది కొక్కెం చూశాడు. లైల్ చేతులు ఎత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు.

"బాస్, నేను పిలుస్తూ ఉంటా. మీరు పలుకుతూ ఉండాలి. పలకకపోతే లాగేస్తా, మాటల్లేవు."

"తిడుతూ పలకొచ్చా?"

"ఎలాగైనా పర్లేదు."

మార్జరీ గాలి పరీక్ష చేసి బొటనవేలు చూపించింది. వెర్నా స్విచ్చి పెట్టెకి వీపు ఆనించి నిలబడింది, ఆకుపచ్చ తాళం నడుముకి తగులుతోంది, చెవి ఎక్కడుండాలో అక్కడే ఉంది. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. ఆ రోజు మినిట్స్‌కి ఫారంలో ఇచ్చిన గీత సరిపోలేదు, వెనక పేజీ కూడా నిండింది, అందుకని సొరుగులోంచి డిసెంబరు కాగితం తీసి, ముందు రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, దాని వెనక మిగతాది రాసింది. పనివాడి పేరు, పై మనిషి పేరు, ఏం జరిగింది, ఎవరు తప్పు చేశారు, అందులో రెండో పేరు తనది. సోమవారం నుంచి రోసెండోకి పాత డ్యూటీయే అని రాసింది. అతని కాగితం సంగతి మినిట్స్‌లో రాసేది కాదు. కానీ లైల్ నిచ్చెన ఎక్కబోతూ ఆగి, "ఆ ఫారం నా టేబులు మీద పెట్టు రోసెండో, సాయంత్రం చూస్తా," అన్నాడు, నిచ్చెన కేసి చూస్తూనే.

"సాయంత్రం దాకా మీరుంటేనా?" అన్నాడు రోసెండో.

"అదిగో, అందుకే లాగుతావులే గట్టిగా," అన్నాడు లైల్.

ఆఖర్లో రెండు గళ్ళు మిగిలాయి. లోపలికి దిగిన సమయం. బయటికి వచ్చిన సమయం. మొదటిది వెర్నా రాసింది, పన్నెండూ ఏడు.

"బాస్," పై నుంచి రోసెండో గొంతు.

"ఉన్నా," గాదె కడుపులోంచి రేకు గొంతు.

రైలు వాళ్ళ మనిషి వచ్చి ఇంకెంతసేపు అని అడిగాడు, వెర్నా కలంతో పైనున్న మూతని చూపించింది. మోకాలు నొప్పి పెడుతోంది, కుర్చీ తెస్తానన్న వాళ్ళకి వద్దని చెయ్యి ఊపింది.

"బాస్."

"ఉన్నానయ్యా, చచ్చానా."

లోపల ఏదో పెద్దది విరిగి కూలిన చప్పుడైంది, రేకులన్నీ ఒక్కసారి వణికాయి, మూతలోంచి ఎర్రటి దుమ్ము లేచింది. రోసెండో రెండు చేతులతో తాడు మీద వెనక్కి వాలాడు.

"బాస్."

దుమ్ము. గాలి. తాడు బిర్రుగా ఉంది.

"బాస్."

దగ్గు వినబడింది, పెద్ద దగ్గు, దాని వెనకే ఒక పచ్చి బూతు. రోసెండో ముఖం తుడుచుకోకుండానే లాగసాగాడు, మార్జరీ నిచ్చెన ఎక్కి చెయ్యి అందించింది. హెల్మెట్ కనబడింది, భుజాలు కనబడ్డాయి, నిలువెల్లా మసూరు పొడితో లైల్ మూత అంచు మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నాడు, రోసెండో అతని వీపు మీద చరుస్తున్నాడు, ఇద్దరూ ఏదో అనుకుంటున్నారు, కిందికి వినబడలేదు.

"వచ్చేసినట్టే కదండీ," అన్నాడు రైలు మనిషి, గడియారం చూసుకుంటూ. "రాసెయ్యండి, పన్నెండూ ఇరవై."

వెర్నా కలం మూత తీసింది. రాయలేదు. లైల్ నిచ్చెన దిగుతున్నాడు, అతని పైన రెండు మెట్ల ఎడంలో రోసెండో, చేతికి తాడు చుట్టుకుని. ఒక్కో మెట్టే. ఆమె కలం కాగితానికి వేలెడు దూరంలో పట్టుకుని, లైల్ రెండు బూట్లూ నేలకి ఆనే దాకా, ఆ తర్వాత రోసెండోవి రెండూ ఆనే దాకా, అలాగే నిలబడింది.